పాత లాప్‌టాప్‌తోనే ఉండాలా, ఆయన బుక్ చేసిన కొత్తది తీసుకోవాలా?

ఈసారి ఉత్తరం బెంగళూరు రామమూర్తినగర్ నుంచి వచ్చింది. రాసినావిడకు ముప్పై ఆరేళ్ళు, సొంతూరు మదనపల్లె. ఇంట్లోనే కూర్చుని తెలుగు అనువాదాలు, వీడియోలకు సబ్‌టైటిల్స్ చేస్తారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, పాప ఏడో తరగతి. ఆరు పేజీల ఉత్తరం. పేరు వద్దన్నారు కాబట్టి పేరు లేకుండా, కొంత కుదించి చెబుతున్నాను.

ఆమె వాడుతున్నది థింక్‌ప్యాడ్ ఎక్స్‌200. 2008లో వచ్చిన మోడల్. 2016లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్‌ను ఎవరైనా చదివి, మార్చుకోగల సాఫ్ట్‌వేర్) శిబిరంలో పరిచయమైన ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన అప్పటికే కంపెనీ బయోస్ (కంప్యూటర్‌ను లేపే మొదటి ప్రోగ్రాం) తీసేసి, దాని బదులు లిబ్రెబూట్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాం వేసి ఇచ్చారు. 2018లో ఆయనే ఇంటికొచ్చి ట్రిస్కెల్ 8 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వెళ్ళారు. తర్వాత ఆయన ఉద్యోగం మీద వేరే దేశం వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఈవిడ అందులో దేన్నీ కదపలేదు. "కదిపితే మళ్ళీ లేవదేమోనని భయం" అని రాశారు.

పని ఇచ్చే సంస్థ ఏడాది నుంచి, సబ్‌టైటిల్స్ అన్నీ తమ వెబ్‌సైట్‌లోనే చేయాలంటోంది. బ్రౌజర్‌లో వీడియో ఒక పక్క, డైలాగులు ఒక పక్క తెరుచుకునేసరికి ఫ్యాన్ గోల పెడుతుంది, స్క్రీన్ బిగుసుకుపోతుంది. ఒక రాత్రి ఒంటిగంటకు, నలభై నిమిషాల ఎపిసోడ్ పని మొత్తం సేవ్ కాకుండా పోయింది. ఆమె ఏడుస్తూ కూర్చుంటే భర్త చూశారు. మరుసటి వారమే డెబ్బై ఎనిమిది వేల కొత్త లాప్‌టాప్ ఈఎంఐ మీద బుక్ చేశారు. ఉగాదికి ఇంటికొస్తుందట. "ఇప్పుడొద్దులెండి" అని మాత్రం ఈవిడ అనగలిగారు. ఎందుకు వద్దో చెప్పలేకపోయారు.

ఆ కారణం వేరే ఉంది. ఆదివారాలు వీధి చివర ఒక గదిలో, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ పిల్లలకు, బిల్డింగు పనులకు వలస వచ్చినవాళ్ళ పిల్లలకు ఆమె కంప్యూటర్ నేర్పిస్తారు. ఓ పాప ఒకసారి "మిస్, మీది ఇంత పాతదేంటి, డబ్బుల్లేవా?" అని అడిగింది. "డబ్బుల గురించి కాదమ్మా, ఇందులో మనకు తెలియకుండా నడిచేది ఒక్కటి కూడా లేదు, అందుకని" అని ఈవిడ చెప్పారు. రేపు కొత్త లాప్‌టాప్ పట్టుకుని ఆ గదిలోకి ఏ ముఖంతో వెళ్ళాలన్నది ఆమె బాధ. పైగా మరిది, "మీ ఫోన్‌లో యూపీఐ యాప్ ఉంది కదా వదినా, అక్కడ లేని స్వేచ్ఛ ఇక్కడెందుకు?" అని నలుగురిలో అన్నాడు. పాతదాంట్లో స్వేచ్ఛ నిజంగానే ఎక్కువా, లేక నా పిచ్చా? పాతది వాడుతూ ఉంటే ప్రమాదమా? కొత్తదాంట్లో లినక్స్ వేసుకుంటే సరిపోదా? ఆయనకు ఎలా చెప్పాలి? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీది పిచ్చి కాదు. ఈ బాధ నాకు తెలుసు, ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్నాను. మా నాన్నగారి వ్యాసాలను 2003లో ఓ డీటీపీ సెంటర్‌లో కంపోజ్ చేయించి 212 పేజీల పుస్తకం వేశాం. వాళ్ళు సీడీ ఇచ్చారు. పద్నాలుగేళ్ళ తర్వాత రెండో ముద్రణ వేద్దామని ఆ సీడీ పెడితే ఫైళ్ళన్నీ ఉన్నాయి, తెలుగు లేదు. తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద టోపీలు, చుక్కలు, మధ్యలో పౌండు గుర్తులు. ఆ వ్యాసాలు అన్ని కంప్యూటర్లూ చదవగల యూనికోడ్‌లో లేవు, ఏదో ప్యాకేజీ సొంత ఫాంటు లెక్కలో ఉన్నాయి. ఆ ప్యాకేజీ తెరుచుకోవాలంటే కంప్యూటర్ వెనక తగిలించే డాంగిల్ కావాలి. సెంటర్ మూతపడింది, డాంగిల్ దానితోనే పోయింది. అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని ఇంట్లో ముగ్గురం నాలుగు నెలలు మళ్ళీ టైప్ చేశాం. నాన్నగారి మాటలు మా ఇంట్లోనే ఉన్నాయి, తాళంచెవి ఇంకెవరి దగ్గరో ఉంది. అప్పటి నుంచి ఏ మెషిన్ చూసినా దీని తాళం ఎవరి చేతిలో ఉందనే మొదట చూస్తాను. మీ ప్రశ్నను కూడా అలాగే విడదీస్తాను.

ముందు ఆ పాపకు మీరు చెప్పిన మాట సంగతి. మీరు నమ్మి చెప్పారు, కానీ అది పూర్తిగా నిజం కాదు. బటన్ నొక్కగానే మొదట లేచేది మదర్‌బోర్డు మీద గోరంత చిప్‌లో ఉన్న బూట్ ప్రోగ్రాం. మీ ఎక్స్‌200లో దాని స్థానంలో లిబ్రెబూట్ ఉంది, దాని సోర్స్ కోడ్ ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఇంటెల్ చిప్‌సెట్‌లో దాగి ఉండే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే చిన్న కంప్యూటర్‌కు కూడా ఒక ప్రోగ్రాం ఉంటుంది. మీ మోడల్‌లో దాన్ని పూర్తిగా తీసేయొచ్చు, లిబ్రెబూట్ తీసేసింది కూడా. ఇంతవరకు మీ మాట నిజమే. అయితే కీబోర్డును, ఫ్యాన్‌ను, చార్జింగ్‌ను చూసుకునే కంట్రోలర్ చిప్ ఒకటి ఉంది. అందులో నడుస్తున్నది ఇప్పటికీ కంపెనీ ప్రోగ్రామే. మీ హార్డ్ డిస్క్‌లోనో ఎస్ఎస్‌డీలోనో ఇంకొకటి ఉంది. ప్రాసెసర్ లోపల ఫ్యాక్టరీలోనే దిగిన మైక్రోకోడ్ అనే ప్రోగ్రాం ఉంది. బ్యాటరీ ప్యాక్‌లో కూడా ఓ చిప్ ఉంటుంది. ఇలాంటి లోపలి చిప్‌లకు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమాన్ని నడిపే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా మినహాయింపు ఇచ్చే 2015లో ఎక్స్‌200కు తన సర్టిఫికెట్ ఇచ్చింది.

మీరు తప్పు చేశారని చెప్పడానికి ఇదంతా రాయలేదు. స్వేచ్ఛకు మెట్లున్నాయి, మీరు చాలా పై మెట్టు మీద ఉన్నారు, చివరి మెట్టు మీద మాత్రం ఎవరమూ లేము. ఈ సంగతి తెలిస్తే కొత్తదో నడిమిదో తీసుకున్న రోజున "ద్రోహం చేశాను" అనే భారం మీ మీద పడదు. ఆ పాపకు వచ్చే ఆదివారం ఈ చిప్‌ల సంగతి బొమ్మ గీసి చెప్పండి. పన్నెండేళ్ళ పిల్లలకు ఇది చక్కగా అర్థమవుతుంది. "మిస్ పోయినసారి కొంచెం తప్పు చెప్పింది" అని మీరే అంటే, మీ మీద వాళ్ళకున్న నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది.

ఇక ప్రమాదం సంగతి. మీరు లాప్‌టాప్ పాతదని భయపడుతున్నారు. నాకు భయం వేసింది ట్రిస్కెల్ 8 అన్న మాట చదివినప్పుడు. అది ఉబుంటు 16.04 అనే ఇంకో లినక్స్ మీద కట్టింది. దానికి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు 2021 ఏప్రిల్‌తోనే ఆగిపోయాయి. అంటే ఇన్నేళ్ళుగా మీరు గడియ లేని తలుపు వెనక పడుకుంటున్నారు. బ్యాంకు పనులు, క్లయింట్ ఫైళ్ళు అన్నీ అందులోనే. ప్రాసెసర్‌లో కూడా ఓ లోటుంది, అది దీనికన్నా చిన్నది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. మీ కోర్ 2 డ్యూయో తరానికి స్పెక్టర్ కోసం కొత్త మైక్రోకోడ్ ఇవ్వబోమని ఇంటెల్ అదే ఏడాది చెప్పేసింది. కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), బ్రౌజర్‌లో చేసిన సవరణలు ఆ లోటును చాలావరకు పూడుస్తాయి. కానీ అవన్నీ ఉన్నది కొత్త కెర్నల్‌లో, కొత్త బ్రౌజర్‌లో, మీ దగ్గర అన్నీ లేవు. ఏ లాప్‌టాప్ తీసుకున్నా, తీసుకోకపోయినా, ఈ ఒక్క పని మాత్రం వెంటనే చేయండి: ఫైళ్ళన్నీ బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, కొత్త ట్రిస్కెల్ గానీ డెబియన్ 13 అనే ఇంకో లినక్స్ గానీ వేసుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చినంత మాత్రాన బూట్ చిప్‌లోని లిబ్రెబూట్ పోదు. "కదిపితే లేవదు" అన్న భయం ఆ చిప్ జోలికి వెళ్ళినప్పుడు పెట్టుకోవాల్సింది, ఇక్కడ అంతగా అక్కర్లేదు.

మైక్రోకోడ్ దగ్గర ఇంకో మాట. అది మూసి ఉన్న కోడ్ (కంపెనీ తప్ప ఎవరూ చదవలేనిది) కాబట్టి అప్‌డేట్ కూడా వద్దని కొందరు అంటారు. ప్రాసెసర్‌లో పాత మైక్రోకోడ్ ఎలాగూ ఉంది, దాన్ని లోపాలతో అలాగే ఉంచడంలో స్వేచ్ఛేమీ రాదని ఇంకొందరు అంటారు. లిబ్రెబూట్ మొదట్లో కఠినంగానే ఉండేది. 2022 చివర్లో విధానం మార్చుకుని, మూసి ఉన్న కోడ్‌ను వీలైనంత తగ్గిస్తాం, కానీ మైక్రోకోడ్ ఉంచుతాం అంది. పాత పద్ధతే సరైనదనుకున్నవాళ్ళు గ్నూ బూట్ అని వేరే ప్రాజెక్టు మొదలుపెట్టారు. నేను రెండో వైపు. పాత లోపాన్ని పవిత్రంగా కాపాడుకోవడం నాకు నచ్చదు. కానీ మొదటి వైపు ఉన్నవాళ్ళు పట్టుబట్టకపోతే మీ ఎక్స్‌200 లాంటిది ఈ లోకంలో ఉండేదే కాదు, ఆ కృతజ్ఞత నాకుంది.

పాతది, కొత్తది అని మీరు రెండే కుప్పలు పోశారు. నేను గీత 2013 దగ్గర గీస్తాను. ఆ ఏడాది హాస్‌వెల్ ప్రాసెసర్లతో ఇంటెల్ బూట్ గార్డ్ అనే ఏర్పాటు తెచ్చింది. లాప్‌టాప్ తయారు చేసే కంపెనీ తన సంతకం ముద్రను చిప్‌సెట్‌లో శాశ్వతంగా కాల్చేస్తుంది. ఆ తర్వాత ఆ సంతకం లేని బూట్ ప్రోగ్రాం దేన్నీ మెషిన్ లేవనివ్వదు. మన బెంగళూరులో ఫ్లాటు కొన్నట్టే అనుకోండి. రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే, లోపల గోడలకు మీకు నచ్చిన రంగు, మెయిన్ గేటు తాళం మాత్రం బిల్డర్ దగ్గర. దొంగలు బూట్ ప్రోగ్రాం మార్చకుండా కాపలా అని కంపెనీలు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. కానీ ఆ కాపలావాడు యజమానిని కూడా లోపలికి రానివ్వడు.

2013కు ముందువాటిలో 2012 నాటి ఎక్స్‌230, టి430 లాంటివి ఉన్నాయి. మేనేజ్‌మెంట్ ఇంజిన్ ప్రోగ్రాంను వాటిలో మీదానిలా పూర్తిగా తీసేయలేం, తీస్తే మెషిన్ ముప్పై నిమిషాలకు ఆగిపోతుంది. కానీ చాలా భాగం కోసేసి, లేవడానికి కావాల్సిన కొసరు మాత్రం ఉంచొచ్చు. ర్యామ్‌ను సిద్ధం చేసే కోడ్ కూడా వీటిలో పూర్తిగా స్వేచ్ఛా కోడే. 16 జీబీ ర్యామ్ పడుతుంది. మీ అనువాదం పనికి ధారాళంగా సరిపోతుంది, వీడియో దగ్గర మాత్రం మళ్ళీ ఇబ్బంది పడతారు.

2013 తర్వాతి వాటిలో ఒక మంచి వార్త ఉంది. 2018 నాటి థింక్‌ప్యాడ్ టి480కి బూట్ గార్డ్ తాళం వేసే ఉంది. కానీ ఆ తరం మేనేజ్‌మెంట్ ఇంజిన్‌లో ఉన్న ఒక లోపం ద్వారానే ఆ తాళం తీసే దారి కనుక్కున్నారు. 2024 డిసెంబర్ నుంచి లిబ్రెబూట్ దాన్ని అధికారికంగా సపోర్ట్ చేస్తోంది. ఇందులో ర్యామ్‌ను సిద్ధం చేయడానికి ఇంటెల్ ఇచ్చిన మూసి ఉన్న కోడ్ ఉంటుంది, ఇంజిన్‌లో కొసరు ఉంటుంది, మైక్రోకోడ్ ఉంటుంది. అంటే మీ మెట్టు కన్నా రెండు మెట్లు కింద. కానీ చాలావాటిలో నాలుగు కోర్లు ఉన్నాయి, ర్యామ్‌కు రెండు స్లాట్లు ఉన్నాయి, వెనక బ్యాటరీ చేత్తో ఊడదీసి మార్చుకోవచ్చు. మీ ఫ్యాన్ గోలకు కారణం కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇప్పుడు చాలా వెబ్ వీడియోలు వీపీ9, ఏవీ1 అనే పద్ధతుల్లో వస్తాయి. మీ ఎక్స్‌200 గ్రాఫిక్స్‌కు ఆ రెండూ తెలియవు. కాబట్టి ప్రతి ఫ్రేమునూ రెండు ముసలి కోర్లు చేత్తో విప్పుతున్నాయి. టి480 గ్రాఫిక్స్‌కు వీపీ9 తెలుసు.

మీవారు బుక్ చేసిన లాంటి సన్నటి కొత్త లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, బాగానే నడుస్తుంది. డెబియన్ వాళ్ళు 2022లో ఓటు పెట్టుకుని, మూసి ఉన్న ఫర్మ్‌వేర్‌ను (చిప్‌ల లోపల నడిచే ప్రోగ్రాంలను) ఇన్‌స్టాలర్‌లో చేర్చారు. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై లాంటివి మొదటి రోజే పనిచేస్తున్నాయి. మీ డెస్క్‌టాప్, మీ ఆఫీస్ ప్యాకేజీ, మీ ఫాంట్లు, మీ ఫైళ్ళు అన్నీ స్వేచ్ఛగానే ఉంటాయి. రోజూ మీ చేతులు తాకేది ఈ భాగాన్నే. ఇది తక్కువ సంగతేం కాదు. కింద బూట్ చిప్, మేనేజ్‌మెంట్ ఇంజిన్ మాత్రం కంపెనీవి. ఆ ఇంజిన్‌లో 2015 తరువాతి తరాల్లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోందని, దాన్ని రాసిన ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్‌కే 2017లో వార్తల ద్వారా తెలిసింది. అదే ఏడాది అందులో పెద్ద లోపాలు బయటపడి, అప్‌డేట్ కోసం అందరం లాప్‌టాప్ కంపెనీల వైపు చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఏఎమ్‌డీ ప్రాసెసర్ అయినా అలాంటి చిన్న కంప్యూటరే ఇంకో పేరుతో ఉంటుంది. వీటికన్నా నాకు ఎక్కువ ఇబ్బంది అనిపించేది సన్నటి మోడళ్ళలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి ఉండటం. నాలుగేళ్ళకు చాలకపోతే పెంచుకునే దారే ఉండదు. ఆయన బుక్ చేసిన మోడల్ ఏదో మీరు రాయలేదు. ర్యామ్ స్లాట్ ఉందో లేదో స్పెసిఫికేషన్లలో చూడండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఎక్స్‌200తోనే ఉండొచ్చు. కొత్త సిస్టమ్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ వేస్తే రాత పని ఇంకో రెండు మూడేళ్ళు హాయిగా సాగుతుంది. కానీ ఆ వెబ్ టూల్ రోజురోజుకూ బరువెక్కుతుంది, మీ ఆదాయం దాని మీద ఉంది. మళ్ళీ ఓ రాత్రి ఒంటిగంటకు అదే ఏడుపు వస్తే మీ సిద్ధాంతం మీద మీకే కోపం వస్తుంది. అలా విసిగిపోయి మొత్తం వదిలేసినవాళ్ళను నేను చూశాను. కొత్తది తీసుకుంటే పని నిశ్చింతగా సాగుతుంది, వారంటీ ఉంటుంది, ఈఎంఐ ఉంటుంది, గేటు తాళం బిల్డర్ దగ్గర ఉంటుంది. టి480 తీసుకుంటే ఖర్చు అందులో మూడో వంతు లోపే అవ్వాలి, సెకండ్ హ్యాండ్ కాబట్టి మీరే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసి కొనాలి, చిప్‌లో లిబ్రెబూట్ వేయడానికి మొదటిసారి చేయి తిరిగినవాళ్ళ సాయం కావాలి. విదేశాల్లో ప్యూరిజం, సిస్టమ్76 లాంటివాళ్ళు లిబ్రెబూట్‌కు మూలమైన కోర్‌బూట్ వేసిన కొత్త లాప్‌టాప్‌లే అమ్ముతారు. షిప్పింగు, కస్టమ్స్ కలుపుకుంటే మీ బడ్జెట్‌కు అందవని వాటిని పక్కన పెట్టాను.

నన్నడిగితే, రెండు మెషిన్ల దారి మీకు బాగుంటుందనిపిస్తోంది. సంపాదన పని టి480 మీద. ఎక్స్‌200 ఆదివారం గదికి. పిల్లలు మూత తీసి లోపల చూడొచ్చు, స్క్రూలు విప్పొచ్చు, బూట్ అవుతుంటే ఆపి అక్కడేం జరుగుతోందో చదవొచ్చు. ఇన్నేళ్ళు మీ ఉద్యోగం దాని మీద ఉంది కాబట్టి ఆ పిల్లల చేతికి ధైర్యంగా ఇచ్చి ఉండరు. రెండింటినీ అప్‌డేట్ చేస్తూ కనిపెట్టుకుని ఉండటం ఓ పని అవుతుంది. అది మీకు కుదరదనుకుంటే ఈ దారి వద్దు.

ఇంతా చేసి, మీ జీవితంలో అన్నిటికన్నా పెద్ద తాళం లాప్‌టాప్‌లో లేదు. ఆ వెబ్ టూల్‌లో ఉంది. దాని ప్రోగ్రాం వాళ్ళ సర్వర్‌లో నడుస్తుంది. దాన్ని మీరు చూడలేరు, మార్చలేరు. మీ పని వాళ్ళ దగ్గరే సేవ్ అవుతుంది, అవ్వకపోతే పోతుంది. లోకంలో అత్యంత స్వేచ్ఛగల లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆ పేజీ తెరిచినా మీ పరిస్థితి అదే. అసలు సబ్‌టైటిల్ అంటే ఏముంది? ఒక అంకె, దాని కింద మొదలయ్యే సమయం, ముగిసే సమయం, దాని కింద "నాన్నా, తలుపు తీయవా?" అని ఒక లైను, తర్వాత ఖాళీ లైను. ఎస్ఆర్‌టీ ఫైలంతా ఇదే. ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది, మా నాన్నగారి సీడీకి పట్టిన గతి దానికి పట్టదు. ఈజిసబ్ (Aegisub) లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో మీ మెషిన్ మీదే పని చేసి, ఎస్ఆర్‌టీగా పంపిస్తాను, మీ టూల్‌లోకి ఎక్కించుకుంటారా అని మీ కోఆర్డినేటర్‌ను అడగండి. ఇలాంటి చాలా టూల్స్‌లో ఫైలు ఎక్కించే సదుపాయం ఉంటుంది. చిన్న సైజు వీడియో కాపీ కూడా అడగండి. "స్వేచ్ఛ" అని మొదలుపెట్టక్కర్లేదు. పోయిన ఎపిసోడ్ సంగతి చెప్పి, ఇలా అయితే పని పోదు, టైముకు అందుతుంది అనండి. కాదంటే పోయేదేమీ లేదు. ఒప్పుకుంటే మీకు లాప్‌టాప్ మార్చే తొందర సగం తగ్గిపోతుంది. అందుకే ఏదైనా కొనే ముందు ఈ ఒక్క మెయిల్ పంపి చూడండి.

మీ మరిది అన్న మాటకు వస్తాను. యూపీఐ యాప్ మూసి ఉన్నదే, నిజమే. కూరగాయల బండి దగ్గర కూడా స్కాన్ చేయమంటున్న ఊళ్ళో అది లేకుండా ఉండటం కష్టం. ఒక కిటికీ బిగుసుకుపోయిందని ఇంట్లో తలుపులన్నిటికీ మేకులు కొట్టుకోం కదా. ఫోన్‌లో కూడా ఎఫ్-డ్రాయిడ్ అనే స్వేచ్ఛా యాప్‌ల స్టోరు నుంచి కీబోర్డు, నోట్స్, మ్యాప్‌లు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌వే పెట్టుకోవచ్చు. అతనితో వాదనకు దిగకండి. ఫ్రీ అంటే మన వాడుకలో ఉచితం అని స్థిరపడిపోయింది, చాలామంది మీరు డబ్బు మిగుల్చుకుంటున్నారనే అనుకుంటారు. స్వేచ్ఛ అనే మాట వాడండి, తేడా దానంతటదే తెలుస్తుంది. హైదరాబాద్‌లో తెలుగులో ఈ పని చేస్తున్న సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుంది.

మీవారి దగ్గర మాత్రం మౌనం వద్దు. ఆయన ఆ రాత్రి చూసింది కంప్యూటర్‌ను కాదు, ఏడుస్తున్న మిమ్మల్ని. తనకు చేతనైనది చేశారు. మీరు "ఇప్పుడొద్దులెండి" అంటే, డబ్బు గురించి మొహమాట పడుతున్నారనే ఆయన అనుకుని ఉంటారు. బూట్ గార్డ్ దగ్గర మొదలుపెట్టకండి. "మీరు నా కోసం ఆలోచించారు, నాకు సంతోషంగా ఉంది. నాకు కావాల్సిన లాప్‌టాప్ ఎలాంటిదో నేనే మీకు చెప్పలేదు, అది నా తప్పు" అనండి. ఆదివారం గదికి ఒకసారి రమ్మనండి. ఆ పాప అడిగిన ప్రశ్న, మీరిచ్చిన జవాబు చెప్పండి. తర్వాత లెక్క చెప్పండి: డెబ్బై ఎనిమిది వేలు, అందులో మూడో వంతు. డెలివరీకి బయల్దేరకముందే అయితే ఆర్డరు రద్దు చేసుకోవడం సులువు, కాబట్టి ఈ మాట ఈ వారంలోనే జరగాలి. విన్నాక కూడా ఆయన కొత్తదే ఉండనీ అంటే, తీసుకోండి. డెబియన్ వేసుకోండి. భర్త మనసు నొప్పించి సాధించిన బూట్ చిప్ మీకు సుఖం ఇవ్వదు. కొత్తది వచ్చినా మీ ఫైళ్ళు యూనికోడ్‌లోనే, ఎస్ఆర్‌టీలోనే ఉంటాయి. ఎక్స్‌200 ఎలాగూ పిల్లల దగ్గర ఉంటుంది.

టి480 వైపు మొగ్గితే ఇద్దరూ కలిసి కంప్యూటర్ షాపులుండే ఎస్.పి. రోడ్‌కు వెళ్ళండి. బెన్నిగానహళ్ళిలో పర్పుల్ లైన్ ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైన్‌కు మారి చిక్కపేటలో దిగితే నడిచి వెళ్ళొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం వెళ్ళండి. ఐటీ కంపెనీలు వాడి వదిలేసినవి అక్కడికి గుట్టలుగా వస్తాయి. డెబియన్ లైవ్ పెన్‌డ్రైవ్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) తీసుకెళ్ళి షాపులోనే దాని నుంచి బూట్ చేయించండి. వైఫై, కెమెరా, స్పీకర్లు, మూత మూసి తెరిస్తే మళ్ళీ లేస్తోందా, అన్నీ చూడండి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్ ఉన్నది వద్దు, ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్నది అడగండి. బయోస్‌లోకి వెళ్ళి చూడండి. పాస్‌వర్డ్ అడిగినా, అందులో అబ్సల్యూట్ అనే ట్రాకింగ్ శాశ్వతంగా ఆన్ అయి ఉన్నా, ఎంత తక్కువకిచ్చినా వదిలేయండి. రెండు బ్యాటరీలుంటాయి, రెండింటి ఆరోగ్యం విడివిడిగా చూడండి.

కొన్నాక లిబ్రెబూట్ వేయడానికి తొందరపడకండి. ఆ కాలపు మోడళ్ళలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్‌లో ఒక లోపం ఉండేది, దానివల్ల యూఎస్‌బీ-సీ చార్జింగ్ పోర్టు పనిచేయకుండా పోయేది. సవరణ కంపెనీయే ఇచ్చింది. లిబ్రెబూట్ వేయక ముందే, కంపెనీ బయోస్ ఉండగానే ఆ సవరణ వేసుకోవాలి. చిప్‌లో రాయడానికి దానికి తగిలించే క్లిప్పు, ప్రోగ్రామర్ అనే పరికరం వాడే అలవాటున్నవాళ్ళ కోసం ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక వాలంటీర్లను అడిగి చూడండి. చౌకగా దొరికే నల్ల రంగు సీహెచ్341ఎ ప్రోగ్రామర్లలో చాలావాటి డేటా పిన్నుల మీద 5 వోల్టులు వస్తాయి, ఆ చిప్‌కు కావాల్సింది 3.3. అది వాడతానంటే ఒప్పుకోకండి. రాసే ముందు పాత చిప్‌లోని కోడ్‌ను రెండుసార్లు చదివించి, ఆ రెండు ఫైళ్ళూ ఒకేలా ఉన్నాయని సరిచూసి, ఒక కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నేను మొదటిసారి ఎక్స్‌230కి వేసినప్పుడు ఒకసారే చదివించాను. క్లిప్పు కాస్త వదులుగా ఉంది, చదివిన ఫైలు తప్పుగా వచ్చింది, ఆ సంగతి నాకు రాసేశాక గానీ తెలియలేదు. ఆ లాప్‌టాప్‌ను మళ్ళీ లేపడానికి మూడు వారాలు పట్టింది.